జె-పౌచ్‌తో 11 ఏళ్లు: పేచీ అంతా నీళ్ల దగ్గరే

పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరతోనే మలం నిలవడానికి సంచీలా కుట్టేదాన్ని జె-పౌచ్ అంటారు. అది చేయించుకున్న మొదటి రెండేళ్లు నేను దానికి జీతం లేని ప్రచారకుణ్ణి. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు) ఉన్నవాళ్లెవరు కనబడినా "కళ్లు మూసుకుని చేయించుకోండి" అనేవాణ్ణి. అందులో అబద్ధమేమీ లేదు. రక్తం పోవడం ఆగింది, స్టెరాయిడ్లు మానేశాను, అన్నిటికన్నా మించి ఆపుకోగలగడం వచ్చింది. మీటింగ్ మధ్యలో కడుపు కదిలినా అరగంట ఆగి వెళ్లొచ్చు. ఆ అరగంట విలువ కొలైటిస్ పడ్డవాళ్లకే తెలుసు.

ఇప్పటికీ అదే మాట మీదున్నాను. "కళ్లు మూసుకుని" అనడం మాత్రం మానేశాను.

నా కోపమంతా నీళ్ల గురించే. పౌచ్ ఎలా కుడతారో బొమ్మ గీసి చూపించారు, మలం పట్టడానికి పొట్టకి తగిలించే స్టోమా బ్యాగ్ ఎన్నాళ్లుంటుందో చెప్పారు. పెద్దపేగు అసలు పని నీళ్లూ ఉప్పూ వెనక్కి పీల్చుకోవడమని, దాన్ని తీసేశాక ఆ పని పూర్తిగా చేసేది ఇంకేదీ ఉండదని నా బుర్రకెక్కేలా ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో కూడా, బ్యాగ్ టెన్షన్‌లో నేనే వినలేదేమో.

ఆరో ఏట పౌచైటిస్, అంటే పౌచ్ వాపు, వచ్చింది. రోజుకి ఆరేడుసార్లు వెళ్లేవాణ్ణి, పద్నాలుగుకి చేరాను. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఒంట్లో నీళ్లు పోతున్నాయి కదా అని సీసాల కొద్దీ మంచినీళ్లు తాగాను. తాగినవి తాగినట్టే కిందికి పోయాయి. మూత్రం మాత్రం ముదురు పసుపులో, పొద్దున కాస్త, సాయంత్రం కాస్త. అది చూసి కూడా ఇంకో సీసా తాగానే తప్ప ఆలోచించలేదు.

అయిదో రోజు రాత్రి రెండింటికి ఎడమ పక్క నడుము పైన పొడిచినట్టు లేచింది నొప్పి. పేగు మెలిపడిందనుకున్నాను. ఆపరేషన్ అతుకుల వల్ల పేగు మూసుకుపోయే ప్రమాదం ఉంటుందని తెలుసు, ఆ భయం మనసులో ఎప్పుడూ ఓ మూల కూర్చునే ఉంటుంది. కానీ కడుపు ఉబ్బలేదు, పౌచ్ ఖాళీ అవుతూనే ఉంది. పడుకుంటే నొప్పి, కూర్చుంటే నొప్పి. బాత్రూం గడప మీద చెయ్యి ఆనించి మోకాళ్ల మీద గంటసేపు ఊగుతూ ఉన్నాను. ఆస్పత్రిలో మామూలు ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. సీటీ స్కాన్‌లో దొరికింది: 5 మిల్లీమీటర్ల కిడ్నీ రాయి. యూరిక్ యాసిడ్ రాయి ఎక్స్‌రేకి కనబడదట.

అప్పుడు తెలిసింది లెక్క. మోషన్‌తో నీళ్లే కాదు, ఉప్పూ, ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేటూ పోతాయి. మూత్రం తగ్గి చిక్కబడుతుంది, ఆమ్లం పెరుగుతుంది, యూరిక్ యాసిడ్ గడ్డకడుతుంది. చిన్నపేగు నీళ్లని బాగా లాక్కోవాలంటే ఉప్పూ చక్కెరా తోడుండాలి. అంటే వెంటనే దొరికే ఓఆర్ఎస్ పొట్లం వదిలేసి నేను సీసాలు ఖాళీ చేస్తున్నానన్నమాట. ఆ రాయి మూడు రోజులకి దానంతటదే పడిపోయింది. మూత్రంలో ఆమ్లం తగ్గడానికి పొటాషియం సిట్రేట్ ఇచ్చారు, అదీ ద్రవంగానే. నెమ్మదిగా కరిగే రకం బిళ్లలు అంతకుముందు ఒకసారి వాడితే, మింగింది మింగినట్టే ఫ్లష్‌లో తేలింది!

పాత పొగడ్తల్లో ఇంకొన్నిటికీ సవరణలున్నాయి. "రాత్రంతా నిద్ర" అన్నాను, ఒకసారి లేవాల్సిందే. "అన్నీ తింటున్నా" అన్నాను, పుట్టగొడుగులు తప్ప. మాటిమాటికీ వెళ్లి చర్మం మండుతుంది కాబట్టి జింక్ ఆక్సైడ్ క్రీమ్ లేకుండా ఇల్లు కదలను. ఏటా బి12, ఐరన్ పరీక్షలు. పౌచైటిస్ ఇంకో రెండుసార్లు వచ్చిపోయింది, ఈసారి గ్లాసులో ఓఆర్ఎస్ ఉంది కాబట్టి అంత గొడవ కాలేదు.

చేయించుకోవచ్చా అని అడిగితే నా సంగతి చెప్పగలను. మందులేవీ పనిచేయని దశకొచ్చాక చేయించుకున్నాను, ఇంటి నుంచే పని, బాత్రూంకి పదడుగులు. రోజంతా బండి మీద తిరిగే ఉద్యోగమైతే ఏమనేవాణ్ణో చెప్పలేను. బ్యాగ్‌తోనే ఉండిపోయి నాకన్నా హాయిగా ఉన్నవాళ్లనీ చూశాను.

వచ్చే నెల మళ్లీ స్కాన్. కుడి కిడ్నీలో ఓ చిన్న రాయి ఉంది. అది కదలట్లేదు, డాక్టరూ దాన్ని కదపట్లేదు.