ఆఖరి ఆరు సెకన్లు: ఈబే వేలంపాటల్లో నాలుగేళ్ల నా అనుభవం

మా ఇంట్లో సోమవారం ఉదయం ఆరున్నర ఎలా ఉంటుందో చెబితేగాని ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైటులో వేలం ఆఖరి సెకన్లలో నా బదులు పాట పాడే ఈ సర్వీసును నేనెందుకు ఇంత మెచ్చుకుంటున్నానో అర్థం కాదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి. చిన్నదాని బూటు ఒకటి మంచం కిందికి పోయి ఉంటుంది. ఏడింటికల్లా నేను కర్నూలు రోడ్డు ఎక్కకపోతే చీమకుర్తిలో ఆఫీసు రిజిస్టర్‌లో ఆలస్యం పడుతుంది. సరిగ్గా అప్పుడే అమెరికాలో ఆదివారం సాయంత్రం. జనం తీరిగ్గా ఉంటారని ఈబేలో అమ్మేవాళ్లు చాలామంది ఆ పూటకే వేలం ముగిసేలా పెట్టుకుంటారు. కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరంటే మనకు వేసవిలో ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. రెండూ నాకు పనికిరాని టైములే.

నాలుగేళ్ల క్రితం దాకా చేత్తోనే పాడేవాణ్ణి. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో టిఫిన్ బాక్సు మూత. పాడిన మరుక్షణం మన మీద ఇంకొకరు పాడారని మెసేజ్. రోషం వచ్చేది. ఇంకో రెండు డాలర్లు, మళ్లీ ఇంకో రెండు. ఇరవై దాటనని ఒట్టు పెట్టుకున్న పోస్టుకార్డుకు ముప్పై ఆరు డాలర్లు ఇచ్చాను ఒకసారి. అవతల ఉన్నది ఎవరో తెలియదు, ముఖం కూడా లేని మనిషితో పంతం. బండలాగుడు పోటీల దగ్గర తెలియని ఎడ్ల జత మీద పందెం కట్టేవాళ్లను చూసి నవ్వేవాణ్ణి, ఆ తర్వాత నవ్వడం మానేశాను.

నేను కొనేది ఏమిటంటారా? ఒంగోలు గిత్త బొమ్మ ఉన్న పాత కాగితాలు. పోస్టుకార్డులు, పశుప్రదర్శన పుస్తకాలు, బ్రెజిల్ పత్రికల్లో వచ్చిన ప్రకటనలు. ఈ పిచ్చి ఉన్నవాళ్లకు ఒక కిటుకు: ఒంగోలు అని వెతికితే ఏమీ దొరకదు, నెలోర్ అని వెతకాలి. బ్రెజిల్‌లో మన గిత్తను అలాగే పిలుస్తారు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. గిత్త మనది, పేరు పక్క జిల్లావాళ్లది. నెల్లూరు మిత్రులు దీని గురించి నాతో వాదన పెట్టుకోవద్దు.

సర్వీసు చేసే పని చిన్నదే. ఫలానా వస్తువుకు ఎంత దాకా పోతామో రాసిపెడితే, వేలం ముగియడానికి ఇన్ని సెకన్ల ముందు మన పేరున ఒకే ఒక్క పాట పాడుతుంది. దీన్ని స్నైపింగ్ అంటారు, ఈబే దీన్ని తప్పుపట్టదు. నేను ఆరు సెకన్లు పెట్టుకున్నాను. మొదట ఇంట్లో కంప్యూటర్ మీద నడిచే ప్రోగ్రాం వాడాను. కరెంటు పోయినప్పుడల్లా అది కూడా పోయేది, కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పను. ఇప్పుడు వాడేది వాళ్ల సర్వర్ మీదే నడుస్తుంది. ఒంగోల్లో తుఫాను కొట్టినా దానికి పట్టదు.

దీన్ని ఒక్కసారి చెప్పగానే అర్థం చేసుకున్నది మా పెదనాన్న. ఆయనది ఒంగోలు దగ్గరి కరవది. ఒకప్పుడు గిత్తలను మేపి పోటీలకు తోలినవాడు.

"తుండుగుడ్డ బేరం కదరా ఇది" అన్నాడు.

పశువుల సంతలో కొనేవాడూ దళారీ తుండు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ నలుగురు నిలబడ్డా ఎంత పలికిందో ఎవరికీ తెలియదు. తెలిస్తే పక్కవాడికి రోషం వస్తుంది, ధర ఎగబాకుతుంది. నా సర్వీసు చేసేదీ అదే. ఆఖరి ఆరు సెకన్ల దాకా నా మాట తుండు కిందే ఉంటుంది. అది బయటపడ్డాక అవతలివాడికి పంతం పట్టే టైమే ఉండదు.

ఇది పనిచేసేది ఈబేలో గడువు గడువే కాబట్టి. అమెజాన్ కూడా ఒకప్పుడు వేలంపాటలు నడిపింది. అక్కడ చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే, ఇంకో పది నిమిషాలు పాట లేకుండా గడిచేదాకా వేలం ముగిసేది కాదు. ఈ రెండింటినీ పోల్చి ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ఒక పరిశోధనా వ్యాసం రాశారు. గడువు ఖాయంగా ఉన్న ఈబేలోనే జనం ఆఖరి క్షణం కోసం ఎక్కువగా కాచుకుంటారని తేలింది. ఆ రోత్‌కే 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, వేరే పనికి అనుకోండి. మా ఆఫీసులో ఒకాయన బ్యాంకు వేలంలో ప్లాటు కొనడానికి ఇది పనికొస్తుందా అని అడిగాడు. రాదు. బ్యాంకుల ఆన్‌లైన్ వేలాల్లో సాధారణంగా చివర్లో పాట పడగానే గడువు ఇంకో ఐదు నిమిషాలు పెరుగుతుంది. అక్కడ తుండు తీసేసి బేరమాడాల్సిందే.

మొదటి మూడేళ్లు ఎవరు అడిగినా ఒకటే మాట చెప్పాను: టెన్షన్ లేదు, పెట్టి మర్చిపో. ఆ మాటలో 'మర్చిపో' అన్న ముక్కను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పోయిన ఏడాది ఒక పుస్తకం అమ్మకానికి వచ్చింది. అమ్మేది అమెరికాలో ఎవరో, పుస్తకం పోర్చుగీసుది. పాత పశుప్రదర్శన తాలూకు పల్చటి పుస్తకం, మూలలు మడతపడి, పిన్నులు తుప్పు పట్టి ఉంది. అమ్మేవాడు పెట్టిన నాలుగు ఫొటోల్లో మూడోది మధ్య పేజీ. తెల్లటి గిత్త పక్కకు తిరిగి నిలబడి ఉంది. మూపురం కొద్దిగా వెనక్కి ఒరిగింది, గంగడోలు ముడతలు ముందుకాళ్ల మధ్యకు జారాయి. కింద అచ్చులో పేరు: కర్వాడి. 1960లలో ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లి అక్కడ పేరు మోసిన గిత్త అది. కర్వాడి అంటే ఇంకేదో కాదు, మా పెదనాన్న వాళ్ల కరవదే. ఆ గిత్త ఊరు దాటేనాటికి తను బడికెళ్లే పిల్లాడినని ఆయన చెప్తుంటాడు. బ్రెజిల్‌లో దిగాక దాని ఫొటో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

బుధవారం రాత్రి కూర్చుని లెక్క వేశాను. పోస్టేజీ పోను నలభై డాలర్లు నా హద్దు. సర్వీసులో నలభై అని కొట్టి, ఆరు సెకన్లు పెట్టి పడుకున్నాను. ఆదివారం రాత్రి చూస్తే ధర ఇరవై ఒకటిన్నర దగ్గర ఉంది. ఇంకేముంది, వచ్చినట్టే అనుకున్నాను. ఫ్రేము ఎవరి దగ్గర కట్టించాలో కూడా ఆలోచించాను, అది నా తప్పు.

సోమవారం దారిలో టీ కోసం ఆగి ఫోను తీశాను. గెలవలేదని మెయిల్. సర్వర్ పడిపోయిందనుకున్నాను. లేదు, పాట టైముకే పడింది. నాకంటే పై పాట ఎంతో చూద్దామని పాటల చిట్టా తెరిచాను. ముగిసిన ధర నలభై డాలర్లు. నా పాట నలభై. గెలిచినవాడి పాట కూడా నలభై.

టీ చల్లారిపోయింది. సర్వీసువాళ్లను తిడుతూ అక్కడే పెద్ద మెయిల్ టైపు చేశాను. పంపే ముందు చిట్టాలో తేదీలు చూశాను, ఆ మెయిల్ చెరిపేశాను. అవతలి మనిషి గురువారమే తన గరిష్ఠం నలభై అని చెప్పేసి ఉన్నాడు. గరిష్ఠం ఎంత చెప్పినా, పోటీవాళ్లను దాటడానికి కావలసినంతే ఈబే మన పాటను పెంచుతుంది. మిగతావాళ్లు ఇరవై ఒకటి దగ్గర ఆగిపోవడంతో అతని ధరను ఇరవై ఒకటిన్నర మించి చూపించలేదు. నా నలభై వచ్చి తగిలాక అతని నలభై బయటపడింది. ఇద్దరి గరిష్ఠం ఒకటే అయితే ముందు పాడినవాడిదే వస్తువు. ఇది ఈబే నియమం, కొత్తదేం కాదు. నాకూ తెలుసు. నా వరకు వస్తుందని తెలియదు, అంతే.

అసలు మంట ఎక్కడంటే, నేను లెక్క వేసింది బుధవారం. అతను పాడింది గురువారం. ఆ రాత్రి సర్వీసును నమ్ముకోకుండా నేరుగా ఈబేలోనే నలభై కొట్టి ఉంటే, అదే ధరకు పుస్తకం నాది. సర్వీసులో రాసుకున్నది పాట కింద లెక్కకు రాదు, అది నాకూ ఆ సర్వర్‌కూ మధ్య మాట. అయితే నేను ముందే పాడి ఉంటే అతను నా పాట చూసి ఇంకో రెండు డాలర్లు పెంచేవాడేమో. ఆ సంగతి ఎప్పటికీ తేలదు. ఏ ఆలస్యాన్ని మూడేళ్లుగా మెచ్చుకుంటూ వచ్చానో, నన్ను ముంచింది ఆ ఆలస్యమే.

ఆ ఆదివారం కరవది వెళ్లి ఫోనులో దాచుకున్న ఫొటో పెదనాన్నకు చూపించాను. కళ్లజోడు పైకెత్తి, ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"కాళ్లు చూడరా, ఎట్టా నిలబడిందో" అన్నాడు.

పుస్తకం చేజారిన వైనం చెప్పాను. ఆయనకు ఆశ్చర్యమే లేదు.

"ఇద్దరూ ఒకే రేటు చెప్తే బయానా ముందిచ్చినోడిదేరా గొడ్డు. సంతలో అయినా అంతేగా. నువ్వు ఇంకో పావలా ఎక్కువ చెప్పాల్సింది."

పావలా మాట అక్షరాలా నిజం. నలభై డాలర్ల మీద ఒక్క పావు డాలరు ఉన్నా గెలిచేవాణ్ణి. ఆ ధరలో మామూలుగా పాట డాలరు చొప్పున పెరిగినా, అవతలివాడి గరిష్ఠాన్ని సెంట్లలో దాటినా చాలు. నాలాగే అందరూ నలభై, యాభై, వంద అని గుండు అంకెల దగ్గర ఆగుతారు. టై పడేదీ అక్కడే.

అప్పట్నుంచి నా ప్రతి పాట చివరా పదహారు సెంట్లు ఉంటుంది. పెళ్లిలో నూట పదహార్లు చదివించే జాతివాళ్లం, ఈ కిటుకు నాకు ముందే తట్టాల్సింది. ఈ ఏడాది పద్దెనిమిదింటికి పెట్టి తొమ్మిది గెలిచాను. అందులో ఒకటి సెంట్లలోనే తేలింది. అది మామూలు రంగుల పోస్టుకార్డు, పెద్ద విశేషం లేదు, కానీ ఆ రోజు టీ రెండుసార్లు తాగాను.

మిగతా లోపాలు గబగబా చెప్పేస్తాను. ఒకే కార్డును ఇద్దరు అమ్ముతుంటే రెండింటినీ ఒక గ్రూపులో పెట్టుకోవాలి, ఒకటి గెలవగానే రెండోది రద్దవుతుంది. నేను పెట్టలేదు, రెండూ వచ్చాయి. రెండోది ఇప్పుడు కరవదిలో ఒక టీ కొట్టు గోడ మీద ఉంది. ఈబే పాస్‌వర్డ్ మారిస్తే ఇక్కడా మార్చాలి, మర్చిపోతే పాట పడదు. అసలు మన లాగిన్ వేరేవాళ్ల చేతికి ఇవ్వడమే నాకు ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది. అందుకే ఆ ఖాతాకు తక్కువ లిమిట్ ఉన్న కార్డు మాత్రమే కలిపాను. ఆరు డాలర్ల కార్డుకు పద్దెనిమిది డాలర్ల పోస్టేజీ కట్టిన తెలివి తక్కువ మాత్రం సర్వీసుది కాదు.

కొనమంటారా అంటే, నా సంగతి చెప్పగలను. నాది మూడు నాలుగు వేల రూపాయల లోపు కాగితాల వ్యవహారం, పైగా సోమవారం ఉదయం నా చేతులు ఖాళీగా ఉండవు, రోషం ఎక్కువ. ఈ మూడూ ఉన్నవాడికి ఇది మంచిదే, నేనూ మానను. తీరిగ్గా కూర్చుని తన హద్దు మీద నిలబడగలిగినవాడు ఈబేలోనే నేరుగా గరిష్ఠం చెప్పేస్తే ఇంచుమించు అంతే ఫలితం రావచ్చు. బాగా మనసు పడ్డ వస్తువు అయితే నేను కూడా ఈ మధ్య ఏది చేయాలో తేల్చుకోలేక ఆదివారం రాత్రి దాకా కొట్టుకుంటున్నాను. పెట్టి మర్చిపోవడం అంటే ఇదేనా అని మా ఆవిడ అడుగుతోంది.

వచ్చే సోమవారానికి ఒక పాట పెట్టి ఉంది. ఇరవై ఏడు డాలర్ల పదహారు సెంట్లు. ఇదంతా రాశాక ఇప్పుడు వెళ్లి ఆ పదహారు మార్చాలి.