ముందు ట్రైనింగా, ముందు ఉద్యోగమా? ఏది మేలు?

మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది. సదరం సర్టిఫికెట్ వచ్చాక రెండేళ్లు ఒక శిక్షణ కేంద్రానికి పంపాం. పేపర్ కవర్లు, ఆఫీసు ఫైళ్లు చేయడం ఓపిగ్గా నేర్పారు. కోర్సు అయిపోయాక వాడు సర్టిఫికెట్ పట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఆ పనికి జీతమిచ్చేవాళ్లు ఎక్కడ తిరిగినా దొరకలేదు. వాడు రోజూ పొద్దున్నే తయారై, బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడేవాడు. అది చూడలేకపోయేవాళ్లం.

తర్వాత రెండో దారి పట్టాం. ముందు కూకట్‌పల్లిలో ఒక సూపర్ మార్కెట్‌లో పని మాట్లాడుకున్నాం. నేర్పడం ఆ షాపులోనే. జాబ్ కోచ్‌గా, అంటే పనిచేసే చోటే పక్కనుండి నేర్పే మనిషిగా, ఒక అమ్మాయి వచ్చింది. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, "అయిదో స్టేషన్ మనది తమ్ముడూ, వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టు" అంటూ వారం రోజులు కేపీహెచ్‌బీ దాకా వాడి వెంటే వెళ్లింది. షాపులో పాత ప్యాకెట్లు ముందుకి, కొత్తవి వెనక్కి సర్దాలి. వాడికి తేదీలు చదవడం రాదు. అందుకని సరుకు దిగగానే నెలకో రంగు స్టిక్కర్ అంటించడం మొదలుపెట్టింది. ఈ నెల పచ్చది వెనక, పోయిన నెల ఎర్రది ముందు. మూడు నెలలయ్యేసరికి ఆమె వారానికి ఒక్కసారి వస్తే సరిపోయింది.

ఇలాంటి పిల్లలకి ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట వాడటం చాలా కష్టం. క్లాసులో నిశ్శబ్దంగా, ఒకే బల్ల దగ్గర నేర్చుకున్న పని, గోలగా ఉండే షాపులోకి రాగానే కొత్త పనైపోతుంది. మళ్లీ మొదటి నుంచి నేర్పాలి. అంటే ఖర్చు రెండుసార్లు, కాలమూ రెండుసార్లు.

తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ల కోసం అమెరికాలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ ఇదే తీరు పద్ధతి ఒకటి రూపొందించారు. పేరు ఐపీఎస్ (ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్). 2008లో 11 అధ్యయనాలు కలిపి చూస్తే, ఆ పద్ధతిలో 61 శాతం మంది ఉద్యోగంలో చేరారు, పాత పద్ధతుల్లో 23 శాతమే. ఆ అంకెలు స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులున్నవాళ్లవి, మా తమ్ముడి లాంటి వాళ్లవి కావు. కానీ ఆలోచన ఒకటే.

అందరికీ ఇదే సరిపోతుందని మాత్రం అనను. మధ్య వయసులో చూపు పోయినవాళ్లకి ముందు ట్రైనింగే కావాలి. తెల్లకర్రతో నడవడం, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడటం ఏ ఆఫీసూ నేర్పదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితమే, కానీ దగ్గరుండి నేర్పే మనిషి ఉండాలి. ప్రభుత్వోద్యోగి అయితే ఈలోపు ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం స్పష్టంగా చెబుతోంది.

ఖర్చు సంగతి. క్లాసులో ఒక టీచరు పదిహేను మందికి చెప్పగలరు, కోచ్‌కి ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మించితే కుదరదు. అందుకే కాగితం మీద రెండో దారి ఖరీదుగా కనిపిస్తుంది. సర్టిఫికెట్లు ఎన్ని ఇచ్చామన్నది కాకుండా, ఆరు నెలల తర్వాత ఎంతమంది ఇంకా పనిలో ఉన్నారో చూస్తే లెక్క మారిపోతుంది.

విద్యానగర్‌లో దివ్యాంగుల కోసం ఉన్న జాతీయ కెరీర్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లినా, బోయిన్‌పల్లి వైపు మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీకి వెళ్లినా, ఏదైనా స్వచ్ఛంద సంస్థకి వెళ్లినా ముందు ఈ లెక్కే అడగండి. పనిలో చేరాక ఎవరు, ఎన్నాళ్లు వచ్చి చూస్తారో కూడా అడగండి. మొన్న మా తమ్ముడి షాపులో మేనేజర్ మారాడు. కొత్తాయన స్టిక్కర్లు చూసి పీకేయమన్నాడు. ఆ రోజు వాడు ర్యాక్ ముందు కదలకుండా నిలబడిపోయాడట. కోచ్ ఫోన్ ఎత్తింది కాబట్టి, సాయంత్రానికి వచ్చి ఆయనతో మాట్లాడింది కాబట్టి, వాడి ఉద్యోగం నిలిచింది.