మేరా పీక్‌కి వెళ్లాలనుకుంటే: ఏజెన్సీలు, దారి, లాడ్జీలు, హై క్యాంప్

మేరా పీక్ ప్యాకేజీలు చూసేటప్పుడు ధర సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకోబెడుతున్నారో ముందు అది చూడండి. ఇదే కొండకి, విమానం దిగి నడక మొదలుపెట్టే లుక్లా నుంచి తిరిగి లుక్లాకి పదకొండు పన్నెండు రోజుల్లో ముగించే ప్లాన్లు ఉన్నాయి, పదహారు రోజులవీ ఉన్నాయి. తక్కువ రోజులంటే తక్కువ ఖర్చు, తక్కువ సెలవులు. ఉద్యోగం చేసుకునేవాళ్లకి సహజంగానే మొదటిది నచ్చుతుంది. కానీ అక్కడ ఒళ్లు ఎత్తుకి అలవాటు పడేది ఆ అదనపు రోజుల్లోనే. నేను చూసినంతలో పైకి చేరలేక వెనుదిరిగినవాళ్లలో చాలామందికి కాళ్లలో సత్తువ ఉంది. తలనొప్పి, వాంతులు, నిద్రలేమి వాళ్లని దింపేశాయి.

మేరా నేపాల్‌లో, మకాలు బరుణ్ నేషనల్ పార్క్‌లో, ఎవరెస్ట్‌కి దక్షిణాన ఉంది. ఉత్తర శిఖరం 6,476 మీటర్లు, మధ్య శిఖరం 6,461. గైడ్లు దాదాపు అన్ని టీములనీ మధ్య శిఖరానికే తీసుకెళ్తారు. కొన్నిచోట్ల 6,654 అన్న అంకె కనిపిస్తుంది, అది పాత పొరపాటు. 1953 మే 20న, అంటే ఎవరెస్ట్ ఎక్కడానికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, జిమ్మీ రాబర్ట్స్, సెన్ టెన్జింగ్ దీన్ని మొదటిసారి ఎక్కారు. తర్వాత 1964లో నేపాల్‌లో మొదటి ట్రెక్కింగ్ ఏజెన్సీ పెట్టింది కూడా ఆ రాబర్ట్సే. ఇవాళ మనం డబ్బు కట్టి గైడ్‌తో వెళ్లే ఈ పద్ధతికి నేపాల్‌లో పునాది వేసిన మనిషి ఎక్కిన కొండ ఇది.

దీన్ని 'ట్రెక్కింగ్ పీక్' అంటారు కాబట్టి నడిచి ఎక్కేయొచ్చు అనుకోకండి. పైన ఉన్నది నిజమైన హిమానీనదం, మంచు కింద పగుళ్లు ఉంటాయి. అందరూ ఒకే తాడుకి కట్టుకుని నడవాలి. చివరి కొద్ది మీటర్లు నిటారుగా ఉంటాయి, అక్కడ కట్టిన తాడు మీద జుమార్ (తాడుని పట్టి పైకి మాత్రమే జరిగే పిడి) వేసి ఎక్కాలి. ఇంట్లో ఈ ప్రయాణం మాట ఎత్తగానే మా అమ్మ మల్లి మస్తాన్‌బాబు పేరు తీసింది. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కిన నెల్లూరు జిల్లా బిడ్డ, 2015లో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ చనిపోయాడు. అమ్మ భయం అర్థంలేనిదేం కాదు. 2014లో పదమూడేళ్ల పూర్ణ ఎవరెస్ట్ ఎక్కిందని గుర్తుచేస్తే, "ఆ పిల్లకి ఎంతెంత శిక్షణ ఇచ్చారో చదవలేదా?" అని అడిగింది. అదీ నిజమే. అందుకే బుకింగ్‌కి ముందే భువనగిరి కోట రాతి మీద తాడు, హార్నెస్ (తాడుకి కట్టుకునే నడుము పట్టీ), దిగే పద్ధతి నేర్చుకున్నాను. మంచుకీ రాయికీ పోలిక లేదు కానీ చేతికి పరికరం అలవాటవడం పెద్ద సాయం.

ఏజెన్సీల విషయానికి వస్తే, హైదరాబాద్‌లో గ్రూపులు కట్టే ఒక నిర్వాహకుడు, ఆన్‌లైన్‌లో అమ్మే ఒక కంపెనీ, ఖాట్మండులో ఉన్న ఒక చిన్న సంస్థ - వీటిని పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి ఇద్దరూ చివరికి ఖాట్మండులోని ఎవరో ఒకరికి అప్పగిస్తారు. అందులో తప్పేం లేదు, తెలుగులోనో హిందీలోనో ఇంట్లోవాళ్లతో మాట్లాడే మనిషి ఉండటం కొంతమందికి అవసరం. కానీ కొండ మీద నిర్ణయం తీసుకునే మనిషి ఎవరో బుకింగ్ నాటికి వాళ్లకే తెలియదు. గైడ్ పేరేమిటి, లైసెన్స్ ఉందా, మేరా ఎన్నిసార్లు ఎక్కాడు అని అడిగితే ఒకచోట "మా గైడ్లందరూ ఎక్స్‌పర్ట్‌లే సార్" అన్న జవాబు వచ్చింది. అక్కడితో వాళ్లని వదిలేశాను.

నేను అందరినీ అడిగిన ఒక ప్రశ్న మాత్రం మీరూ తప్పకుండా అడగండి: రాత్రి రెండింటికి హిమానీనదం మీద ఒకరికి బాగోలేకపోతే, అతన్ని కిందికి తీసుకెళ్లేది ఎవరు? మిగతావాళ్లతో ఉండేది ఎవరు? నలుగురికి ఒకే క్లైంబింగ్ గైడ్ ఉంటే ఆ జవాబు దొరకదు. ఒకరు దిగితే తాడు మొత్తం దిగాలి. లేదా, అంతకంటే ఘోరం, బాగోలేని మనిషి మిగతావాళ్ల కోసం మొహమాటపడి పైకి నడుస్తూనే ఉంటాడు. నేను ఎంచుకున్న సంస్థ ఇద్దరికి ఒక క్లైంబింగ్ గైడ్‌ని ఇచ్చింది. ఆ లెక్క వల్లే ధర కాస్త పెరిగింది. ఈ ప్రయాణం మొత్తంలో అంత సంతోషంగా కట్టిన డబ్బు ఇంకొకటి లేదు.

ఇంకా అడగాల్సినవి: శిఖరానికి వెళ్లే రోజుకి వాతావరణం బాగోకపోతే అదనంగా ఒక రోజు ప్లాన్‌లో ఉందా? పోర్టర్ మీద ఎంత బరువు వేస్తారు, అతనికి ఇన్సూరెన్స్ ఉందా, చలి బట్టలు ఎవరిస్తారు? నేపాల్ మౌంటెనీరింగ్ అసోసియేషన్ ఇచ్చే క్లైంబింగ్ పర్మిట్, నేషనల్ పార్క్ ఎంట్రీ, లుక్లాలో స్థానిక పర్మిట్ ధరలో కలిసి ఉన్నాయా? పార్క్ ఎంట్రీకి సార్క్ దేశాలవాళ్లకి తక్కువ రుసుమే ఉంటుంది, ఆ తేడా మీ బిల్లులో కనిపించాలి.

ఖాట్మండులో బస గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. టూరిస్టులు దిగే థమేల్‌ పేటలో అన్ని ధరల్లోనూ గదులున్నాయి. మెయిన్ రోడ్డు మీద కాకుండా లోపలి గల్లీలో తీసుకుంటే రాత్రి పాటల గోల తప్పుతుంది. అక్కడ టైమ్ పెట్టాల్సింది బూట్ల మీద. లోపలి బూటు విడిగా వచ్చే డబుల్ బూట్లు కావాలి. పైన కొండ దగ్గరి చివరి లాడ్జీల చోటు ఖారేలో కూడా అద్దెకి దొరుకుతాయి కానీ మీ సైజు మిగిలి ఉంటుందన్న నమ్మకం లేదు. మందపాటి సాక్సులు వేసుకుని, షాపులోనే క్రాంపాన్లు (బూటు కింద బిగించే ఇనుప ముళ్లు) బిగించి, వాలు మీద నిలబడి, వేళ్లు ముందుకి తగులుతున్నాయేమో చూడండి. దిగేటప్పుడు గోళ్లు నల్లబడేది అక్కడే.

సీజన్‌లో లుక్లా విమానాలు ఎక్కువగా రామేఛాప్ నుంచి నడుస్తాయి. అంటే అర్ధరాత్రి దాటాక జీపెక్కి, మెలికల రోడ్డు మీద నాలుగైదు గంటలు. వాంతుల మాత్ర ముందే వేసుకోండి. తర్వాత విమానం ఇరవై నిమిషాల్లోపే. లుక్లా రన్‌వే 527 మీటర్లు, అదీ ఎగువాలుగా. ల్యాండ్ అయ్యాక లోపల అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక దారి. లుక్లా నుంచి కోఠే ఊరికి రెండు దారులున్నాయి. దగ్గరిది చుతంగా మీదుగా జత్ర్వా లా కనుమ దాటేది. ఆ కనుమ సుమారు 4,600 మీటర్లు. 2,850 మీటర్ల లుక్లాలో దిగిన రెండు మూడు రోజులకే అంత ఎత్తుకి తీసుకెళ్లే ప్లాన్ ఇదే, తక్కువ రోజుల ప్యాకేజీలన్నీ ఇటే వెళ్తాయి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని డాక్టర్లు చెప్పే నియమం ఈ దారిలో మొదట్లోనే గల్లంతవుతుంది. రెండోది పాయా, పంగోమ్, నింగ్సో, ఛత్రా ఖోలా మీదుగా దక్షిణం నుంచి చుట్టి వస్తుంది. అడవి దారి, రోజూ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. మోకాళ్లకి కష్టమే, కానీ ఊపిరితిత్తులకి మేలు. వెళ్లేటప్పుడు ఇటు వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు జత్ర్వా లా దాటడం నాకు తెలిసి సరైన పద్ధతి.

ఎవరెస్ట్ దారిలోని లాడ్జీలతో వీటిని పోల్చి వెళ్తే నిరాశపడతారు. పంగోమ్ దాకా కాస్త ఊళ్ల సందడి ఉంటుంది, ఆ తర్వాత మనుషులే తగ్గిపోతారు. ఛత్రా ఖోలాలో చెక్కపలక గోడల గదులు, పక్కగది గురక మన మంచం మీదే ఉన్నట్టు వినిపిస్తుంది. కానీ వంట బాగుంది. దాల్ భాత్ అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. తెచ్చుకున్న కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ ఆ పప్పన్నంలోకి అమోఘం. పైకి వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, నాలుకకి ఉప్పూ కారమే కాస్త రుచి తెలుస్తాయి, కాబట్టి ఆ బరువు మోయడం దండగ కాదు. కోఠేలో లాడ్జీలు పర్వాలేదు, డైనింగ్ హాల్లో పొయ్యి వేస్తారు. పార్క్ పర్మిట్ చూసేది అక్కడే. ఫోన్ ఛార్జింగ్‌కీ, వేడినీళ్లకీ ఊరు దాటేకొద్దీ ధర పెరుగుతుంది. అన్నీ మనిషి వీపు మీదో జంతువు మీదో వచ్చినవే, బేరమాడటానికి నాకు మనసొప్పలేదు.

కోఠే నుంచి థాంగ్‌నాక్‌కి హింకు నది ఒడ్డునే నడక. ఒడ్డంతా బండరాళ్లు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. 1998 సెప్టెంబర్‌లో పైనున్న సబాయి త్సో సరస్సు గట్టు తెగి ఈ లోయని ఊడ్చేసింది. థాంగ్‌నాక్‌లో విశ్రాంతి రోజున గైడ్ మమ్మల్ని ఆ గట్టు మీదికి తీసుకెళ్లి తెగిన చోటు చూపించాడు. థాంగ్‌నాక్ 4,350 మీటర్ల పైచిలుకు. ఇక్కడ రెండు రాత్రులు లేని ప్లాన్ తీసుకోవద్దు.

ఖారే సుమారు 5,000 మీటర్లు. ఇక్కడి లాడ్జీయే బేస్ క్యాంప్. నేను దిగినచోట దుప్పట్లు శుభ్రంగా లేవు, మరుగుదొడ్డి నేలంతా గడ్డకట్టి జారుతుంది. అయినా ఆ ఎత్తులో నాలుగు గోడలూ వేడి వేడి వెల్లుల్లి సూపూ దొరకడం గొప్పే. ఖారేలోనూ కనీసం రెండు రాత్రులు ఉండాలి, మూడైతే ఇంకా మంచిది. మా పెద్ద గైడ్‌ని అందరూ దాయ్ (నేపాలీలో అన్న) అని పిలిచేవాళ్లం. ఆయన పగలంతా దగ్గరి మంచు వాలు మీద మాతో జుమార్ ఎక్కించడం, ఎయిట్ (తాడు మీద దిగడానికి వాడే ఎనిమిది ఆకారపు లోహపు పరికరం) వేసి దించడం చేయించాడు. చేతి తొడుగులు తీయకుండానే కారబినర్ (తాడుకి తగిలించే లోహపు కొక్కెం) తెరిచి మూయాలి, తీస్తే మళ్లీ మొదటినుంచి. అప్పుడు విసుగనిపించింది. రెండు రాత్రుల తర్వాత పైన ఆ చలిలో ఎందుకో తెలిసొచ్చింది.

ఆక్సీమీటర్ అంకెలు చూసి టెన్షన్ పడేవాళ్లని ఖారేలో చాలామందిని చూశాను. దాయ్ అంకెకంటే ముందు మనిషిని చూసేవాడు: తిన్నాడా, నవ్వుతున్నాడా, సూటిగా నడుస్తున్నాడా. ఎత్తుకి అలవాటు పడటానికి వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలనుకుంటే బయల్దేరేముందే మన ఊళ్లో డాక్టర్‌ని అడిగి వెళ్లండి, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ జాగ్రత్త. మా బృందంలో ఒకాయన రాత్రంతా దగ్గి, తెల్లారేసరికి కూర్చున్నా ఆయాసపడుతున్నాడు. దాయ్ చర్చ పెట్టలేదు. ఒక గైడ్‌ని తోడిచ్చి టిఫిన్ వేళకల్లా కోఠే వైపు కిందికి పంపేశాడు. కిందికి వెళ్లాక ఆయన కోలుకున్నాడు. మిగతా బృందానికి గైడ్లు సరిపోయారు. ఇద్దరికి ఒకరన్న లెక్క దేనికో అక్కడ చూశాం.

ఖారే నుంచి 5,415 మీటర్ల మేరా లా కనుమ దాటితే హై క్యాంప్, అంటే శిఖరానికి ముందు చివరి మజిలీ, 5,780 మీటర్ల దగ్గర. బండరాతి అంచున వేలాడుతున్నట్టు టెంట్లు, నీళ్లంటే మంచు కరిగించినవే. ఇక్కడ సర్వీసు అంటే వేడినీళ్లే. మా కిచెన్ బాయ్ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా స్టవ్ దగ్గర నుంచి కదల్లేదు, ఒక్కొక్కరి సీసాలూ నింపి స్లీపింగ్ బ్యాగుల్లో పెట్టించాడు. పైకి బయల్దేరేటప్పుడు సీసాని తలకిందులుగా పెట్టుకోమన్నాడు. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి అలా పెడితే మూత దగ్గర నీళ్లుంటాయి. లోపలి బూట్లు కూడా స్లీపింగ్ బ్యాగులోనే. మా పక్క టెంట్లలోని ఇంకో బృందానికి వంటమనిషే లేడు, ప్యాకెట్ బిస్కెట్లతో రాత్రి గడిపారు. వాళ్లు కట్టింది మాకంటే మరీ తక్కువేం కాదు.

రాత్రి రెండింటికి శిఖరానికి బయల్దేరి, తాడు ఎంత నెమ్మదిగా కదిలితే అంత నెమ్మదిగా నడిచాం. వాలు కఠినం కాదు, అంతు కనబడదు. తెల్లారేసరికి మకాలు వెనక ఎరుపు. పైనుంచి ఎవరెస్ట్, లోత్సే, మకాలు, చో ఓయు, దూరంగా కాంచన్‌జంగ, ఎనిమిది వేల మీటర్లవి అయిదూ ఒక్కచోటి నుంచే కనబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. దాయ్ పదినిమిషాలే నిలబడనిచ్చాడు, గాలి లేస్తోందని. ఆ మాట కాదనే హక్కు నాకు లేదనిపించింది.

ఇన్సూరెన్స్ గురించి. మన ట్రావెల్ పాలసీలు చాలావాటిలో పర్వతారోహణ ఉండదు. తాడు, క్రాంపాన్లతో ఎక్కడం, 6,500 మీటర్ల ఎత్తు, హెలికాప్టర్ - ఈ మూడూ పాలసీ కాగితంలో రాతపూర్వకంగా ఉండాలి. నేపాల్‌లో అవసరం లేకుండా హెలికాప్టర్లు పిలిచి బీమా డబ్బు కాజేసే మోసాలు 2018లో ప్రభుత్వ విచారణలోనే బయటపడ్డాయి. అందుకే హెలికాప్టర్ పిలిచేముందు బీమా కంపెనీకి ఎవరు ఫోన్ చేస్తారో ఏజెన్సీతో ముందే మాట్లాడుకోండి. నిజంగా ప్రాణం మీదికొస్తే మాత్రం ఆలోచించకండి.

టిప్పు డబ్బు లుక్లా చేరాక చూద్దాం అనుకోకుండా ఖాట్మండులోనే నేపాలీ నోట్లుగా తీసి విడి కవర్లలో పెట్టుకోండి. పోర్టర్లు ఒక్కోసారి దారిలోనే విడిపోతారు, వాళ్ల కవర్ వాళ్ల చేతికే ఇవ్వండి.

ఏప్రిల్, మేలో మంచు ఎక్కువ, పగుళ్లు కప్పబడి ఉంటాయి, చలి కాస్త తక్కువ. అక్టోబర్, నవంబర్‌లో ఆకాశం శుభ్రం, రాత్రులు మరీ చలి. మళ్లీ వెళ్తే నేను అక్టోబర్‌కే వెళ్తాను. ఎప్పుడెళ్లినా లుక్లాలో మబ్బు పడితే విమానాలు రోజుల తరబడి ఆగిపోతాయి. ఖాట్మండు నుంచి ఇంటికి తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి, లుక్లా విమానానికీ దానికీ మధ్య కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచండి.