సలహా దొరకని గదిలో రెండేళ్లు

మొదటి మూడు వారాలూ మా కౌన్సెలర్ మీద నాకు కోపమే. అడిగిన దేనికీ సమాధానం చెప్పరు. "బదిలీకి దరఖాస్తు పెట్టుకోమంటారా, వద్దంటారా?" అని సూటిగా అడిగితే, "ఏది ఎంచుకున్నా ఎవరికో అన్యాయం చేసినట్టు అనిపిస్తోందన్నమాట మీకు" అన్నారు. డబ్బు కట్టి నా మాటలు నేనే వినడానికా వచ్చాను అనుకుంటూ ఇంటికి వెళ్లాను. రెండేళ్లు దాటాక, నాకు అంత కోపం తెప్పించిన ఆ పద్ధతిని మెచ్చుకుంటూ రాస్తున్నాను.

సలహాలకు నాకు కరువు లేదు. అమ్మ పోయాక నాకు దేని మీదా మనసు నిలవడం లేదని తెలిసి పెద్దమ్మ అన్నవరంలో వ్రతం చేయించుకోమంది. మా వారు పొద్దున్నే నడవమన్నారు. స్టాఫ్ రూములో ఒకావిడ థైరాయిడ్ పరీక్ష చేయించుకోమంది. చేయించాను, ఏమీ లేదు. ఒకరోజు ఎనిమిదో తరగతిలో హోంవర్కు మరిచిపోయిన పిల్ల మీద గట్టిగా అరిచాను. ఆ పిల్ల చేతులు వణకడం చూసి నాకే భయం వేసింది. కౌన్సెలింగ్‌కు వెళ్లాలని ఆ రాత్రే అనుకున్నాను. వెళ్లడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అత్తయ్యకు మాత్రం పళ్ల డాక్టరు దగ్గరకని చెప్పాను. చాలా కాలం ఆ అబద్ధమే నడిచింది.

ఎనిమిదో శనివారం అనుకుంటాను. అమ్మ చివరి రోజుల గురించి చెబుతున్నాను. పదో తరగతి పరీక్షలు, నాకు ఇన్విజిలేషన్ డ్యూటీ, అమ్మ ఐసీయూలో ఉంది. "సాయంత్రం వెళ్దాంలే అనుకున్నాను, ఈలోపే అయిపోయింది" అని నవ్వుతూ చెప్పాను. అలా నవ్వుతూ చెప్పడం నాకు అప్పటికే అలవాటైపోయింది. ఆవిడ కాసేపు ఆగి అన్నారు: "మీరు నవ్వుతూ చెబుతున్నారు. వింటున్న నాకు మాత్రం గుండె బరువెక్కింది. అది దాచుకుని నేనూ నవ్వితే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది."

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. అంతవరకూ ఎవరికీ చెప్పని మాట. "ఆ పొద్దున అమ్మ రెండుసార్లు నన్ను అడిగిందట."

ఇక "మీ తప్పేముందండీ" అంటారని ఎదురుచూశాను. కర్మకాండల పదకొండు రోజులూ అందరూ అన్నది అదే. ఆవిడ అనలేదు. "అమ్మ అడిగింది. మీరు అక్కడ లేరు" అన్నారు, చాలా మెల్లగా. అందులో నింద లేదు, ఓదార్పూ లేదు. జరిగింది జరిగినట్టుగా నా పక్కన కూర్చుని చూసిన మనిషి ఆవిడ ఒక్కరే. యాభై నిమిషాల్లో మిగిలినదంతా ఏడుస్తూనే ఉన్నాను. ఆ రాత్రి అమ్మ చీర ఒకటి బీరువాలోంచి తీసి కప్పుకుని పడుకున్నాను.

దీన్ని వ్యక్తి కేంద్రిత చికిత్స అంటారని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1940లలో మొదలుపెట్టిన పద్ధతి. వచ్చినవారిని ఆయన రోగి అనలేదు, క్లయింట్ అన్నారు. మనిషి మారడానికి అవసరమైన పరిస్థితులను 1957లో ఒక వ్యాసంలో చెప్పారు. వాటిలో కౌన్సెలర్ వైపు నుంచి ఉండవలసినవి మూడు: లోపల ఉన్నదే బయటా ఉండటం, షరతు పెట్టని ఆదరణ, ఎదుటివారి లోపలి నుంచి చూడగలగడం. నాకు ఆ శనివారం అందినది మొదటిది. అంతకుముందు నేను కోరుకున్నది రెండోది మాత్రమే. రోజర్స్ చిన్నప్పుడు వాళ్లింటి నేలమాళిగలో నిల్వ ఉంచిన బంగాళాదుంపలు, ఎత్తున ఉన్న చిన్న కిటికీ వెలుతురు వైపు పాలిపోయిన మొలకలు సాచేవట. మనిషిలోనూ అలాంటి గుణం ఉందని ఆయన నమ్మకం. మా వంటింటి బుట్టలో మొలకెత్తిన దుంపను ఇప్పుడు వెంటనే పారేయలేకపోతున్నాను.

అయితే ఇదంతా చదివి అన్నిటికీ ఇది చాలనుకోవద్దు. రెండో ఏడాది వర్షాకాలంలో నాకు మూడు వారాలు నిద్ర లేదు. రాత్రి రెండింటికి గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేది. అప్పుడు కూడా ఆవిడ "నిద్ర రాకపోవడం మిమ్మల్ని భయపెడుతోంది" అంటుంటే ఒళ్లు మండింది. ఆ వారం నాకు అద్దం అక్కర్లేదు, దారి చూపేవారు కావాలి. ఒక రాత్రి తట్టుకోలేక ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేశాను. ఏ వేళలోనైనా చేయవచ్చు, ఉచితం. అవతలివారు తెలుగులోనే మాట్లాడి, సైకియాట్రిస్టును కలవమని స్పష్టంగా చెప్పారు. ఆరు నెలలు మందులు వాడాను, నిద్ర కుదుటపడింది. ఆ మాట మా కౌన్సెలర్ రెండు వారాల ముందే చెప్పి ఉండవలసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆవిడతోనే అన్నాను. "అవును, ఆలస్యం చేశాను" అని ఒప్పుకున్నారు.

అందుకే అందరినీ వెళ్లమని చెప్పలేను. నాకు నెలనెలా జీతం వస్తుంది, శనివారం సాయంత్రాలు పిల్లాణ్ని చూసుకునే భర్త ఉన్నారు, తెలుగులో వినే మనిషి ఆటోలో ఇరవై నిమిషాల దూరంలో దొరికారు. అమ్మ గురించిన మాటలు ఇంగ్లీషులో చెప్పవలసి వస్తే నేను ఆ గది గడప దాటి లోపలికి వెళ్లేదాన్నే కాదు. ఇంట్లో దెబ్బలు తింటున్నవారికో, ఈ వారమే ఏదో ఒకటి తేల్చుకోవలసినవారికో ఇంత నెమ్మది పనికొస్తుందో లేదో నేను చెప్పలేను. ఒంటరిగా దుఃఖం మోస్తూ, అందరి సలహాలూ విని అలసిపోయినవారైతే కనీసం ఎనిమిది వారాలు ఓపిక పట్టి చూడమంటాను.

బదిలీకి దరఖాస్తు పెట్టలేదు. ఆ నిర్ణయం నాదే. ఇప్పుడు నెలకొకసారి వెళుతున్నాను, అత్తయ్యకు చెప్పే వెళుతున్నాను.