గేమ్ స్టోర్ల ఒప్పందాలు: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

గేమ్ స్టోర్ల మీద వచ్చే సమీక్షలు చాలావరకు డిస్కౌంట్లు, డౌన్‌లోడ్ వేగం, స్నేహితులతో కలిసి ఆడే సౌకర్యాల చుట్టూనే తిరుగుతాయి. ఆ విషయాల్లో నాకు పెద్ద ఫిర్యాదులు లేవు. కంప్యూటర్ గేములను ఆన్‌లైన్‌లో అమ్మే స్టీమ్‌ను చాలా ఏళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను, అలాంటిదే అయిన జీఓజీలోనూ కొంటాను, మరో పెద్ద స్టోర్‌లో కూడా ఖాతా ఉంది. ఇన్నేళ్లలో నా ఆటకు నిజంగా అడ్డుపడినవి సాంకేతిక లోపాలు కావు, ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకోక తప్పని షరతులు. అందుకే ఆ ఒప్పందాల గురించే రాస్తున్నాను.

డబ్బు కట్టినప్పుడు మనకు దక్కేది గేమ్ కాదు, దాన్ని ఆడుకోవడానికి ఒక అనుమతి. స్టీమ్ ఒప్పందం ఈ సంగతి దాచలేదు. లైసెన్సు ఇస్తున్నామే తప్ప అమ్మడం లేదని, యాజమాన్య హక్కు ఏదీ రాదని సూటిగానే రాసి ఉంటుంది. 2003లో స్టీమ్ మొదలైంది. ఆ మరుసటి ఏడాది హాఫ్-లైఫ్ 2 అనే గేమ్ డిస్కు కొన్నవాళ్లు కూడా స్టీమ్ ఖాతా తెరిచి, ఇంటర్నెట్‌లో నమోదు చేసుకుంటే తప్ప ఆడలేకపోయారు. అంటే ఈ ఏర్పాటు కొత్తది కాదు. కొత్తగా వచ్చింది దాన్ని డబ్బు కట్టే చోటే చెప్పాలన్న చట్టం. కాలిఫోర్నియా 2024లో చేసిన ఆ చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. స్టీమ్ అంతకుముందే, 2024 అక్టోబరులో, కార్ట్ పేజీలో ఒక వాక్యం చేర్చింది: ఈ కొనుగోలుతో మీకు లభించేది లైసెన్సు అని. మంచిదే. కానీ ఆ లైసెన్సును ఎప్పుడు, ఏ కారణంతో వెనక్కి తీసుకోవచ్చో అక్కడ ఉండదు. కొనేవాడికి అసలు తెలియాల్సింది అది.

వెనక్కి తీసుకోవడం కాగితం మీది భయం మాత్రమే కాదు. యుబిసాఫ్ట్ అనే కంపెనీ తెచ్చిన కార్ల పందేల గేమ్ ది క్రూ 2014 డిసెంబరులో వచ్చింది, దాన్ని ఇంటర్నెట్ ద్వారా నడిపే కంపెనీ కంప్యూటర్లను, అంటే సర్వర్లను, 2024 మార్చి 31న ఆపేశారు. అందులో ఒంటరిగా ఆడుకునే కథ ఉన్నా, అది కూడా సర్వర్ తోడు లేకుండా నడిచేది కాదు. ఆపేశాక, ఆ గేమ్ కొన్నవాళ్ల ఖాతాల నుంచి లైసెన్సులనూ తొలగించారు. పదేళ్ల గేమ్ కదా, పోతే పోయిందిలే అనే వాదన విన్నాను. నాకు అది మింగుడుపడదు. పదేళ్ల నాటి గేములు నా కంప్యూటర్‌లో ఇప్పటికీ హాయిగా నడుస్తున్నాయి. పాతబడటం వేరు, పనిగట్టుకుని ఆపేయడం వేరు. ఈ సంఘటనతోనే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టారు. దానికి అనుబంధంగా ఐరోపా సమాఖ్యలో నడిచిన పౌరుల వినతి 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది. సర్వర్లను కలకాలం నడపమని వాళ్లు అడగడం లేదు. ఆపే రోజున గేమ్‌ను ఆడగలిగే స్థితిలో వదిలి వెళ్లమంటున్నారు. ఇది న్యాయమైన కోరిక అని నా నమ్మకం. సర్వర్ అవసరాన్ని ముందునుంచే దృష్టిలో పెట్టుకుని గేమ్ తయారుచేస్తే అంత కష్టమైన పనీ కాదు.

ఉన్న గేమ్ కూడా ఉన్నట్టే ఉంటుందన్న హామీ లేదు. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4లో రేడియో పాటల లైసెన్సుల గడువు 2018లో ముగియగానే ఒక అప్‌డేట్‌తో చాలా పాటలు మాయమయ్యాయి. ఎప్పుడో పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లకూ అంతే.

ఇక నాకు ఎదురైన సంగతి. ఆ మూడో స్టోర్‌లో ఒక గేమ్ కొన్నప్పుడు కార్డు నుంచి డబ్బు రెండుసార్లు పోయింది. సహాయ విభాగానికి రాస్తే, మా దగ్గర ఒక్క రసీదే ఉంది కనుక ఒక్కసారే తీసుకున్నామన్నారు. బ్యాంకు స్టేట్‌మెంట్ పంపాను. మళ్లీ అదే జవాబు, పదం మారకుండా. విసిగి బ్యాంకుకు ఫిర్యాదు చేశాను, వాళ్లు పరిశీలించి రెండో మొత్తాన్ని వెనక్కి ఇప్పించారు. మర్నాడు స్టోర్ తెరిస్తే పైన ఎర్రటి పట్టీ కనిపించింది: చెల్లింపు వివాదం వల్ల ఖాతాను పరిమితం చేశామని. కింద నా గేముల జాబితా మొత్తం బూడిద రంగులోకి మారిపోయింది. ఏ పేరు మీద నొక్కినా ఆ పట్టీయే ఒకసారి మెరిసి ఊరుకుంటుంది. వివాదంతో ఏ సంబంధమూ లేని గేములు, అంతకుముందు ఏళ్లలో కొన్నవి, సగంలో ఆపినవి, అన్నిటికీ ఒకటే తాళం. ఒప్పందం తీసి చూస్తే ఆ నిబంధన ఉంది. చెల్లింపు బ్యాంకు ద్వారా వెనక్కి వెళితే ఖాతాను నిలిపివేయవచ్చు. తప్పు ఎవరిదన్న ఊసు అందులో లేదు. చివరికి నాకు న్యాయంగా రావాల్సిన ఆ సొమ్మును మళ్లీ కట్టాకే తాళం తీశారు.

పోయిన డబ్బు చిన్నదే. కానీ ఆ చిన్న మొత్తం కోసం నా దగ్గరున్నదంతా తాకట్టులో ఉంచుకోగల అధికారం వాళ్లకు ఎలా వచ్చిందన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. బట్టల కొట్టువాడితో బిల్లు దగ్గర పేచీ వస్తే అతను మా ఇంటికొచ్చి పాత బట్టలకు తాళం వేయడు కదా. వివాదం ఏ కొనుగోలు మీద ఉందో దాన్ని మాత్రమే ఆపి, మిగతా గేములను తెరిచి ఉంచడం సాంకేతికంగా చిటికెలో పని. ఏ స్టోర్ అయినా తన ఒప్పందంలో మార్చవలసిన మొదటి నిబంధన ఇదే అని నా అభిప్రాయం.

ఒప్పందాలు మారే తీరు కూడా ఇలాగే ఏకపక్షం. ఒక రోజు స్టోర్ తెరుస్తాం, మధ్యలో ఒక పెట్టె వస్తుంది, జారుడు పట్టీ (స్క్రోల్ బార్) చిన్న గింజంత ఉంటుంది, అంటే లోపల రాత అంత పొడుగన్నమాట. అంగీకరిస్తే లోపలికి వెళ్తాం. అంగీకరించకపోతే పాత ఒప్పందంతో కొనసాగే దారి ఉండదు, ఖాతానే వదులుకోవాలి. స్టీమ్ 2012లో కోర్టుకు వెళ్లే హక్కును తప్పించి, విడివిడిగా మధ్యవర్తి దగ్గరకు వెళ్లాలని, సామూహిక దావాలు కుదరవని షరతు పెట్టింది. 2024 సెప్టెంబరులో దాన్ని పూర్తిగా తిరగేసి, వివాదాలన్నీ కోర్టులోనే తేల్చుకోవాలంది. రెండో మార్పు వినియోగదారుడికి మేలు చేసేదే. అయితే చిన్న దావాల్లో మధ్యవర్తిత్వం ఖర్చు కంపెనీ భరించాలన్న నిబంధన పాత ఒప్పందంలో ఉండటం, న్యాయవాదులు అలాంటి దావాలను మూకుమ్మడిగా సిద్ధం చేయడం ఆ మార్పుకు ముందు జరిగిన సంగతులే, కనుక అది మన మేలు కోరే చేశారని చెప్పలేం. మేలైనా కీడైనా, మన మాటకు అందులో చోటు లేదు.

అలాగని ఒప్పందంలో రాసిందే శాసనం అనుకోనవసరం లేదు. ఈ ఒక్క సంగతి అందరికీ తెలియాలి. రిఫండ్లు ఉండవని స్టీమ్ చెబుతున్న రోజుల్లో, 2014లో, ఆస్ట్రేలియా వినియోగదారుల కమిషన్ కోర్టుకెక్కింది. నాసిరకం సరుకుకు డబ్బు వాపసు అడిగే హక్కును ఏ ఒప్పందమూ లాక్కోలేదని 2016లో తీర్పు వచ్చింది, ముప్పై లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. ఈలోగా 2015 జూన్‌లో స్టీమ్ అన్ని దేశాలవారికీ రిఫండ్ విధానం తెచ్చింది: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల లోపు అయితే కారణం ఏదైనా డబ్బు తిరిగిస్తారు. నేను వాడుకున్న ప్రతిసారీ మాట నిలబెట్టుకున్నారు. ఈ వేదికలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే షరతు ఇది. తిరిగి అమ్ముకునే హక్కు విషయంలో మాత్రం కోర్టులు అంత దూరం రాలేదు. 2019లో పారిస్‌లోని కింది కోర్టు కొన్న గేమును మరొకరికి అమ్ముకోవచ్చంది, 2022లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది.

కొన్న గేములను ఇంట్లోవాళ్లతో పంచుకునే స్టీమ్ సౌకర్యం గురించి ఒక హెచ్చరిక. మీ గేమును కుటుంబంలో మరొకరు ఆడుతూ మోసానికి పాల్పడి నిషేధానికి గురైతే, ఆ గేములో మీరు కూడా నిషేధానికి గురవుతారు. పిల్లలతో పంచుకునేవాళ్లు ఇది ముందే వాళ్లకు చెప్పి ఉంచాలి. ఖాతాను వీలునామా ద్వారా వారసులకు ఇవ్వడం కూడా కుదరదు.

జీఓజీ ఒప్పందంలో ఉన్నదీ లైసెన్సే. తేడా అంతా ఇన్‌స్టాలర్‌లో, అంటే గేమును కంప్యూటర్‌లోకి ఎక్కించే ఫైలులో ఉంది. దాన్ని దించుకుని హార్డ్ డిస్కులో పెట్టుకుంటే, ఖాతా పోయినా కంపెనీ మూతపడినా గేమ్ ఎక్కుతుంది. కాలిఫోర్నియా చట్టం కూడా ఇలా శాశ్వతంగా దించుకోగలిగిన వాటిని తన పరిధి నుంచి మినహాయించింది. లోపం ఏమిటంటే కొత్త పెద్ద గేములు ఇక్కడికి చాలా ఆలస్యంగా వస్తాయి, కొన్ని అసలే రావు. స్టీమ్‌లో కూడా కాపీని అడ్డుకునే తాళమేదీ లేని గేములు చాలానే ఉన్నాయి. ఫోల్డర్‌ను వేరే చోటికి కాపీ చేసుకుని స్టీమ్ తెరవకుండానే ఆడవచ్చు.

ప్రస్తుతం నేను కొనే పద్ధతి ఇది. స్టీమ్‌లో గేమ్ పేజీ కుడివైపున ఒక చిన్న పెట్టె ఉంటుంది. వేరే కంపెనీ ఖాతా కావాలని, వేరే కాపీ రక్షణ వాడారని ఉంటే అక్కడే రాస్తారు. ధరకన్నా ముందు నేను దాన్ని చదువుతాను. అందులో ఏమీ లేకపోతే నిశ్చింతగా కొంటాను. రెండో ఖాతా అడిగితే, ఒంటరిగా ఆడుకునే గేముకు పూర్తి ధర పెట్టను. సర్వర్ లేనిదే నడవని వాటికి కొన్ని నెలల అద్దె అనుకుని ఎంత ఇవ్వగలనో అంతే ఇస్తాను. నాకు తాళం వేసిన స్టోర్‌లో కొత్తగా ఏమీ కొనడం లేదు, వ్యాలెట్‌లో డబ్బు ఉంచడం లేదు. ఆ ఖాతాను మాత్రం మూసేయలేదు. మూస్తే ఇన్నేళ్లలో కొన్నవన్నీ దానితోపాటే పోతాయని ఆ ఒప్పందంలోనే ఉంది.