చెకుముకి రాయి కోసిన టైరుకు డైనాప్లగ్ రేసర్ ఎంతవరకు ఆదుకుంటుంది?

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఎంపోరియా ఊరి చుట్టూ జరిగే అన్‌బౌండ్ గ్రావెల్ సైకిల్ పోటీల్లో ప్రధాన రేసు 200 మైళ్లు. అంటే 320 కిలోమీటర్ల పైచిలుకు, దాదాపు అంతా కంకరరోడ్డే. 2006లో మొదలైన ఈ రేసులో కాళ్ల కంటే ముందు టైర్లు చేతులెత్తేస్తాయి. అక్కడి గుట్టల పేరే ఫ్లింట్ హిల్స్. ఫ్లింట్ అంటే మన చెకుముకి రాయి. పగిలిందంటే అంచు బ్లేడులా తేలుతుంది. పూర్వం బాణాల మొనలు చెక్కింది ఇలాంటి రాళ్లతోనే. పైగా నిర్ణయించిన చెక్‌పాయింట్లలో తప్ప బయటివాళ్ల సాయం తీసుకోకూడదు కాబట్టి, ఎక్కడ గాటు పడితే అక్కడే కూర్చుని బాగుచేసుకోవాలి. ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) టైరుకు పడ్డ చిల్లును మూసే డైనాప్లగ్ రేసర్ అనే పనిముట్టును తూచాల్సింది అలాంటి చోట.

వస్తువు చిన్నది. లావుపాటి పెన్ను ముక్కలాంటి అల్యూమినియం పిడి, రెండు కొసలా మరమూతలు. ఒక్కో మూత కింద సన్నని లోహపు గొట్టం, అందులో ముందే ఎక్కించి ఉన్న ప్లగ్. ప్లగ్ అంటే జిగురు పట్టించిన తాడుముక్క, దాని కొసన ఇత్తడి మొన. ముందే ఎక్కించి ఉండటంలోనే దీని గొప్పంతా ఉంది. చవక కిట్లలో ప్లగ్ పట్టీని (స్ట్రిప్) ఫోర్కులాంటి సూది కంట్లో అప్పటికప్పుడు దూర్చుకోవాలి. గుండె దడదడలాడుతూ, చేతులు సీలెంట్‌తో (చిల్లులు పూడ్చడానికి టైరులో పోసే ద్రవం) జారుతున్నప్పుడు అది సూదిలోకి దారం ఎక్కించడమే.

ఆ తొందర ఎందుకంటే, గ్రావెల్ టైరులో ఉండే గాలి ఒత్తిడే 30 పీఎస్ఐ అటూ ఇటూ. నాలుగు మిల్లీమీటర్ల గాటు పడితే చూస్తుండగానే మెత్తబడుతుంది. గాలి ఉన్న టైరు ప్లగ్‌కు ఎదురు నిలుస్తుంది, మొన సూటిగా దిగుతుంది. గాలి దిగిన టైరు నొక్కిన కొద్దీ లోపలికి పోతుంది, మొన వెళ్లి రిమ్ టేపుకు (గాలి పోకుండా రిమ్ లోపల అంటించే పట్టీ) తగలొచ్చు. టేపుకు చిల్లు పడితే ఆ రోజుకు ట్యూబ్‌లెస్ కథ ముగిసినట్టే. అందుకే దీన్ని సీటు కింది సంచిలో పెట్టుకుంటే సగం ఉపయోగం పోయినట్టు. జెర్సీ జేబులోనో, ఫ్రేముకు పట్టీతోనో, తడుముకోకుండా చేతికందే చోట ఉండాలి.

వాడే తీరు: బుస్సుమనే చోటు దొరకగానే దాన్ని వేలితో మూయాలి. రెండో చేత్తో, కావాలంటే పళ్లతో, మూత తిప్పాలి. (తడి చేత్తో ఆ మర జారుతుంది. ఈ వస్తువుతో ఉన్న మొదటి చిరాకు ఇదే. ఇంట్లో ఓసారి తిప్పి, వేలి బిగువు వరకే బిగించి ఉంచుకోవాలి.) గొట్టాన్ని టైరుకు నిటారుగా పిడి తగిలేదాకా దించి, తిప్పకుండా ఒక్క ఊపున లాగేయాలి. మొన లోపలే నిలుస్తుంది, తాడు తోక బయట మిగులుతుంది. తోక పొడుగ్గా ఉంటే కత్తిరించాలి, లేదంటే రోడ్డే అరగదీస్తుంది. ఆ చోటు నేలవైపుకు వచ్చేలా చక్రం తిప్పి అర నిమిషం ఆగితే సీలెంట్ తాడును తడిపి మిగతా సందు పూడ్చేస్తుంది. 2023 రేసులో లాగా బంకమన్ను పట్టేసిన టైరయితే ముందు సీసాలో నీళ్లు కొంచెం పోసి కడగాలి, లేకపోతే చిల్లే కనబడదు.

టైరు నడుమ, నేలకు తగిలే చోట పడ్డ గాటుకు ఇది దాదాపు తిరుగులేనిది. గాటు పెద్దదైతే పక్కనే రెండోది గుచ్చొచ్చు, కానీ రెండోది దిగుతూ మొదటిదాన్ని లోపలికి నెట్టేసే ప్రమాదం ఉంది. సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) కోతకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. అక్కడ రబ్బరు పలచన, ప్రతి తిప్పుకూ వంగుతుంది. తాడు పది కిలోమీటర్లలోనే ఊడి రావచ్చు. సెంటీమీటరు కోతకు లోపలి నుంచి పాత టైరు ముక్కో, టూత్‌పేస్టు గొట్టం ముక్కో అడ్డుపెట్టి ట్యూబు వేసుకోవడమే దారి. ట్యూబు వేసే ముందు టైరు లోపల గుడ్డతో తుడిచి చూడాలి. ప్లగ్ ఇత్తడి మొన లోపల ఉండిపోతే కొత్త ట్యూబును అదే కోస్తుంది. అంచు దగ్గర రిమ్ దెబ్బకు పడ్డ చిల్లును మూశాక కూడా గాలి పోతుంటే ఎదురంచు చూడండి, అలాంటి దెబ్బకు చిల్లులు జంటగా పడతాయి.

సీలెంట్ ఎండిపోయిన టైరులో ఏ ప్లగ్గూ సరిగ్గా నిలవదు. 40-45 మిల్లీమీటర్ల టైరుకు 90 మిల్లీలీటర్లు తక్కువ కాకుండా పోసి, మన ఎండల్లో రెండు నెలలకోసారి చూసుకోవాలి. గాలి నింపడానికి 16 గ్రాముల సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గుళిక చాలు. ఖాళీ టైరును కూడా అది 30 పీఎస్ఐ దాటించేస్తుంది కాబట్టి విడతలుగా వదలాలి. ఆ గ్యాసు చలికి సీలెంట్ గడ్డకట్టకుండా వాల్వును కిందివైపు కాక పక్కకో పైకో ఉంచాలి.

ధర దగ్గరే ఆలోచన. అమెరికాలోనే 50 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది, ఇక్కడికి తెప్పిస్తే రవాణా, కస్టమ్స్ కలిసి ఇంకా పెరుగుతుంది. రీఫిల్ ప్లగ్గులూ చవక కావు. మన దారుల్లో ఎక్కువగా దిగేది సర్కారు తుమ్మముల్లు. ఆ చిల్లును తాజా సీలెంట్ తానే మూసేస్తుంది, దీంతో పనే పడదు. తాండూరు వైపు నాపరాయి పెచ్చుల మీద, క్వారీ కంకర మీద తొక్కేవాళ్లకు అవసరం వస్తుంది, వాళ్లకు కూడా సాధనకు చవక ఫోర్కు కిట్ సరిపోతుంది. రోడ్డుపక్క పంక్చర్ షాపుల్లో దొరికే కారు స్ట్రిప్ మాత్రం వద్దు, ఆ లావుకు చిల్లే పెద్దదవుతుంది. విమానమెక్కి ఎంపోరియాకో, అలాంటి మరో రేసుకో వెళ్లేవాళ్లు మాత్రం ఈ డబ్బు పెట్టొచ్చు. సీఓటూ గుళికలు అక్కడే కొనుక్కోండి, విమానంలో వాటితో తంటా.

రేసు అయ్యాక ప్లగ్‌ను అలాగే వదిలేయకండి. టైరు విప్పి, ఇత్తడి మొన తీసేసి, లోపలివైపు ప్యాచ్ అంటిస్తే ఆ టైరు సాధనకు ఇంకా పనికొస్తుంది.