నెగడు చుట్టూ మాటలా, ఊరికో బడా? యుద్ధం చితికించిన పల్లెలకు ఏది మేలు

విరాళం ఇవ్వాలనుకునే మిత్రులు తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు. యుద్ధంలో చితికిన ఊళ్లలో మనుషులను కలిపే పనికి ఇవ్వాలా, బడీ మరుగుదొడ్లూ కట్టే పనికి ఇవ్వాలా? ఊహల మీద వాదించుకోనక్కర్లేదు. పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లో రెండూ జరిగాయి. ఊళ్లను లాటరీ పద్ధతిలో ఎంచి, రెండింటి ఫలితాలనూ పరిశోధకులు కొలిచారు కూడా.

1991 నుంచి 2002 దాకా సాగిన అంతర్యుద్ధం ముగిశాక బొంబాలి, బోంతే జిల్లాల్లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో గోబీఫో పథకం నడిచింది. ఊరికి దాదాపు 5 వేల డాలర్లు. దాంతో ఏం కట్టుకోవాలో ఊరే తేల్చుకోవాలి, ఆ చర్చలో ఆడవాళ్లూ కుర్రవాళ్లూ కూర్చోవాలి. బళ్లు, మరుగుదొడ్లు, ధాన్యం ఆరబోసుకునే కళ్లాలు నిజంగానే వచ్చాయి. అంతవరకు భేష్. తర్వాత పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. ఊరికి కానుకగా ఉప్పు కావాలో, బ్యాటరీలు కావాలో తేల్చుకోమని చెప్పి, ఎవరు నోరు విప్పుతున్నారో పక్కన కూర్చుని రాసుకున్నారు. పథకం నడిచిన ఊళ్లకూ, అది అడుగుపెట్టని ఊళ్లకూ తేడా కనబడలేదు. ఆడవాళ్ల గొంతు పెరగలేదు.

మనుషులను కలిపే పని చేసే ఫాంబుల్ టాక్ అనే సంస్థది వేరే దారి. 2007లో ఆ దేశపు మానవ హక్కుల కార్యకర్త జాన్ కాల్కర్ దీన్ని మొదలుపెట్టారు. ఇది పనిచేసిన జిల్లాల్లో కైలాహున్ ఒకటి. 2000లో భారత శాంతి సైనికులను తిరుగుబాటుదారులు చుట్టుముట్టింది అక్కడే. ఊళ్లో రాత్రి నెగడు వేస్తారు. తన ఇల్లు ఎవరు తగలబెట్టారో, తన వాళ్లను ఎవరు చంపారో ఒక స్త్రీ అందరి ముందూ చెబుతుంది. ఆ మనిషి ఆ గుంపులోనే ఉంటాడు. ముందుకొచ్చి, ఒప్పుకుని, వంగి క్షమాపణ అడుగుతాడు. శిక్ష లేదు, పరిహారం లేదు.

ఈ నెగడు సభల మీద 200 ఊళ్లలో చేసిన అధ్యయనం 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. క్షమించినవారు పెరిగారు, ఉమ్మడి పనులకు చందాలు పెరిగాయి. కానీ దిగులు, ఆందోళన, పాత భయాలు కూడా పెరిగాయి. 31 నెలల తర్వాత చూసినా తగ్గలేదు.

నాకు అసలు తూకం ఇక్కడే. ఊరు బాగుపడింది, ఆ ఖర్చు మళ్లీ నష్టపోయినవాళ్ల నెత్తినే పడింది. దేశం మొత్తానికి చాలాకాలం ఒకే ఒక్క మానసిక వైద్యుడు ఉన్నచోట, పుండు రేపి వెళ్లిపోతే మందు ఎవరు పెట్టాలి? ఫాంబుల్ టాక్ తర్వాత ఉమ్మడి పొలాలు, శాంతి తల్లుల సంఘాలు కూడా నడిపింది. మంచివే. నిద్రపట్టని మనిషికి అవి చాలవు.

అయినా నా మొగ్గు నెగడు వైపే. బడిని ఏదో ఒకనాడు ప్రభుత్వమైనా కడుతుంది. ఎదురుబొదురు ఇళ్లవాళ్లను మాట్లాడించే పని ప్రభుత్వాల వల్ల కాదు.

మిగతా దారుల సంగతి రెండు ముక్కల్లో: రువాండాలో 1994 నరమేధం కేసులు విచారించిన గచాచా అనే ఊరి పంచాయతీలు 2012లో మూతపడేలోగా దాదాపు 19 లక్షల కేసులు తేల్చాయి, కానీ అది ప్రభుత్వం నడిపిన వ్యవస్థ. యుద్ధ నేరాల విచారణకు పెట్టిన సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానం 9 మందిని దోషులుగా తేల్చింది. రెండూ మన విరాళాలతో నడిచేవి కావు.

కాబట్టి డబ్బిచ్చే ముందు సంస్థను ఒకటి అడగండి: నెగడు ఆరిన మూడో నెలలో, గోడు చెప్పుకున్న ఆమె ఇంటికి ఎవరు వెళతారు, వాళ్ల జీతం బడ్జెట్‌లో ఉందా? ఉందంటే ఇవ్వండి. నీళ్లు నమిలితే ఆ డబ్బు బడికే ఇవ్వండి.